కస్తూరమ్మ రెండో పారిస్ ప్రయాణం

ఎనభై ఆరు సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం మూడో తరగతి పిల్లలతో ఎక్కాలు చెప్పిస్తుంటే, బడి గుమ్మం దగ్గరకు కస్తూరమ్మ వచ్చి నిలబడింది. చేతిలో ఆ రోజు పత్రిక ఉంది. రాట్నం ముందు నుంచి ఉన్నపళంగా లేచి వచ్చినట్టుంది, చేతులకు ఇంకా నూలు పొట్టు అంటుకునే ఉంది.

"టీచరమ్మా, ఇందులో పారిస్ సంగతి వచ్చిందంట. మా ఆయన సదివినాడు కానీ నాకు సరిగా సెప్పల్యా. నువ్వు సదువు" అనింది.

చదివినాను. పారిస్‌లో జనం తిరిగే వీధిలో, బట్టల అంగడి ముందర బాంబు పేలింది. మనుషులు పోయినారు. ఆ నెలలో అట్లాంటివి అంతకుముందే కొన్ని జరిగినాయని కూడా రాసినారు.

"ఆ వీధి ఏటికి ఈ పక్కనా, ఆ పక్కనా?"

"అది రాయలేదక్కా."

ఆమె మెట్ల మీద కూర్చుంది. ఎమ్మిగనూరులో ఆ రోజు ఆ వార్త చదివినవాళ్ళు ఎంతమందో ఉంటారు. ఆ ఊరి నడుమ ఒక ఏరుందని తెలిసి, ఏటికి ఏ పక్కన అని అడిగింది మాత్రం ఈమె ఒక్కతే అయి ఉంటుంది.

నా పేరు ఇందిరాబాయి. మాది మంత్రాలయం. ఎమ్మిగనూరులో టీచరు పని దొరికినాక మగ్గాలోళ్ళ వీధిలో ఒక చిన్న ఇల్లు అద్దెకు తీసుకున్నాను. ఎదురిల్లే కస్తూరమ్మ వాళ్ళది. ఆమె భర్త రామలింగం మగ్గం మీద కూర్చుంటే, ఆమె నాడెలో పెట్టే కండెలకు నూలు చుట్టేది. ఇంట్లో తొమ్మిది మంది. పెద్దాయన రామలింగం అన్న వీరభద్రప్ప, ఆయన మాటే అందరి మాట.

ఎనభై ఐదులో పారిస్‌లో మన దేశం తరఫున పెద్ద ఉత్సవం పెట్టినారు. బొమ్మలు చేసేవాళ్ళు, కుండలు చేసేవాళ్ళు, నేసేవాళ్ళు ఆడికి పోయి జనం ముందర పని చేసి చూపించాల. రామలింగం నేత బాగుంటుందని నేతగాళ్ళ సొసైటీ వాళ్ళు ఆయన పేరు పంపినారు. కండెలు చుట్టడానికి మనిషి కావాలంటే, "మా ఇంటామె చుడితేనే నాకు చెయ్యి ఆడుతుంది" అన్నాడంట ఆయన. అట్లా ఇద్దరికీ పాస్‌పోర్టులు వచ్చినాయి. కర్నూలు దాటి ఎరగని కస్తూరమ్మ ఆదోనిలో బొంబాయి రైలెక్కింది. మూడు నెలలు ఆడే ఉన్నారు.

తిరిగొచ్చినాక ఆమె ఆ ఊరి గురించి చెప్పని రోజు లేదు. మన మగ్గాలకు గుంట తవ్వుతాం కదా, ఆడ గచ్చు తవ్వడానికి లేక చెక్కల మీద ఎత్తుగా కట్టిచ్చినారని చెప్పింది. తొమ్మిదిన్నర దాకా ఎండ ఉంటుందని, సందకాడ దీపం పెట్టే వేళ ఎప్పుడో తెలియక మొదటి వారం దేవునికి దీపమే పెట్టలేదని చెప్పింది. అన్నిటికన్నా ఎక్కువసార్లు చెప్పింది మాత్రం వాళ్ళిద్దరూ పక్కపక్కన నడవడం గురించే.

"ఈడ ఆయన ముందు, నేను నాలుగు అడుగులు ఎనక. ఇరవై నాలుగేండ్లు అట్లే నడిసినాం. ఆడ జనంలో నేను యాడ తప్పిపోతానో అని 'పక్కకు రా' అన్నాడు. పక్కకు పోయినంక మాట్లాడుకోవాల కదా. ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెల్యా. అంగళ్ళ మీది బోర్డులు సూసుకుంటా పోయినాం. పదిరోజులకు మాటలు వచ్చినాయి."

ఆ మాట చెప్పేటప్పుడు ఆమె నవ్వేది. ఇంట్లో తొమ్మిది మంది మధ్య ఏ మాటైనా తొమ్మిది మంది మాటే. మొగుడూ పెళ్ళాలకని ఒక గది, దానికొక తాళంచెవి వాళ్ళకు దొరికింది ఆ ఊర్లోనే.

పన్నెండో రోజు సాయంత్రం ఒకటి జరిగింది. నేల కింద పోయే రైలు దగ్గర జనం తోసుకుంటుంటే రామలింగం ఎక్కేసినాడు, తలుపులు మూసుకున్నాయి, కస్తూరమ్మ బయటే నిలబడిపోయింది. అద్దంలోంచి ఆయన మొహం కనిపించింది, అంతే, రైలు పోయింది. ఆయన తరువాతి స్టేషనులో దిగినాడు కానీ, ఏ దారిలో వెనక్కి రావాలో తెలియక వేరే రైలెక్కి ఇంకా దూరం పోయినాడు. ఈమెకు భాష రాదు. వాళ్ళున్న ఇంటి పేరు రాసిన కాగితం ఆయన జేబులో ఉంది. గంటన్నర బెంచీ మీద కూర్చునే ఉంది.

అప్పుడు ఒకామె వచ్చింది. తలకు గుడ్డ కట్టుకుని, రెండు చేతుల్లో సంచులు. ఈమె చీర చూసి ఆగింది. వాళ్ళున్న ఇంటి కింద కూరగాయల అంగడి ఆమెది. ట్యునీసియా దేశం నుంచి వచ్చిన ముస్లిం, పేరు జొహ్రా. రోజూ ఈ చీరామె పోతుంటే చూసేదంట.

"పట్టుకుని లాక్కుపోలేదు టీచరమ్మా. సంచులు కింద పెట్టి పక్కన కూసుండింది. నా ఏడుపు అయ్యేదాకా కూసుండింది. ఆ తర్వాత తన గుండె మీద సెయ్యి పెట్టుకుని 'దుకాన్, దుకాన్' అనింది. నాకు ప్రాణం లేసొచ్చింది. దుకాణమంటే మన ఆదోని సాయిబులు అనే మాటే కదా."

అంగడికి పోయినాక జొహ్రా "కుర్సీ" అంటే, కస్తూరమ్మ అది కుర్చీ అని తెలుసుకుని కూర్చుంది. పోయేటప్పుడు ఈమె "శుక్రియా" అంటే ఆమె "శుక్రాన్" అనింది. అట్లాంటి మాటలు ఏరుకుంటే పదో పన్నెండో దొరికినాయి. ఆ పన్నెండు మాటలతోనే మిగతా రెండున్నర నెలలు ఇద్దరూ గడిపినారు.

రామలింగం ఇంటికి చేరేసరికి చాలా పొద్దు పోయింది. అంగడిలో కుర్చీ మీద కూర్చుని ఖర్జూరాలు తింటున్న భార్యను చూసి, అందరి ముందర ఏడ్చినాడంట. మరుసటి రోజు నుంచి వీధిలో ఆమె చెయ్యి పట్టుకునే నడిచినాడు.

జొహ్రా కూతురు సామియా కాలేజీలో ఇంగ్లీషు చదివేది. తల్లి చెప్పింది ఆ పిల్ల ఇంగ్లీషులో జాబుగా రాస్తే, నేను కస్తూరమ్మకు తెలుగులో చదివేదాన్ని. కస్తూరమ్మ చెప్పింది నేను ఇంగ్లీషులో రాసేదాన్ని. అప్పటికి ఏడాదిగా అది నడుస్తూనే ఉండింది.

బాంబు వార్త వచ్చిన రోజే మేము జాబు రాసినాం. నెల తరువాత బదులు వచ్చింది. అందరూ క్షేమం. కానీ సామియా ఇంకొన్ని సంగతులు రాసింది. బాంబులు పెట్టింది అరబ్బులంటున్నారు, అందుకని తమలాంటి వాళ్ళందరినీ జనం ఒక రకంగా చూస్తున్నారు. పాత బేరగాళ్ళు ఎదురు అంగడికి పోతున్నారు. వాళ్ళ నాన్నను పోలీసులు వీధిలో ఆపి కాగితాలు చూపించమంటారు. అమ్మ ఎక్కువ మాట్లాడటం లేదు.

కస్తూరమ్మ రెండోసారి చదవమనింది. తరువాత, "ఆయమ్మ ఏం సేసింది? టమాటాలు అమ్ముకుంటాంది" అనింది.

ఎనభై ఏడు ఫిబ్రవరిలో ఢిల్లీ నుంచి కాగితం వచ్చింది. మే నెలలో పారిస్‌లో పదిహేను రోజుల ప్రదర్శన ఉంది. పోవాల్సినవాళ్ళు భయపడి మానుకున్నారు, రామలింగం దంపతులు వస్తారా అని అడిగినారు.

ఆ సాయంత్రం నన్ను పిలిపించినారు. వీరభద్రప్ప అరుగు మీద కూర్చుని ఉన్నాడు. రామలింగం స్తంభానికి ఆనుకుని నిలబడినాడు. కస్తూరమ్మ తలుపు వెనక ఉంది. కాగితం చదివి వినిపించినాను.

"వద్దు. బాంబులు పేలే ఊరికి ఎవరైనా పోతారా? నాకు ఉండేది ఒక్క తమ్ముడు" అన్నాడు వీరభద్రప్ప. గొంతులో కోపం లేదు, భయమే.

"నీకెట్లుందప్పా?" అని రామలింగాన్ని అడిగినాను.

"నాకు ఆ ఊరంటే ప్రాణం టీచరమ్మా. మగ్గం మీద కూసుంటే ఆ వీధులే కండ్ల ముందర తిరుగుతాయి. కానీ ఈమెకేమన్నా అయితే? ఒక తలుపు మూసుకుంటేనే ఆ పొద్దు నాకు పిచ్చి పట్టింది" అని తల వంచుకున్నాడు.

తలుపు వెనక నుంచి కస్తూరమ్మ గొంతు వినిపించింది. బావగారి ముందర ఆమె నోరు విప్పడం నేను ఎప్పుడూ వినలేదు.

"టీచరమ్మా, బావను ఒక మాట అడుగు. దసరాకు దేవరగట్టుకు ప్రతి ఏడూ పోతాడు కదా. ఆడ దేవుని విగ్రహం కోసం కట్టెలతో కొట్టుకుంటారు, తలకాయలు పగులుతాయి. ఆ పొద్దు ఇంట్లో మేమెవరమూ కూడు తినం, ఆయన వచ్చేదాకా. అయినా ఎప్పుడన్నా మానినాడా?"

వీరభద్రప్ప నా మొహం చూసినాడు. "అది దేవుని పని అమ్మా" అన్నాడు, తలుపు వైపు తిరగకుండానే.

"నాకు ఇదీ అంతే బావా. నేను తెలీని ఊర్లో ఒంటరిగా కూసుంటే ఒకామె వచ్చి పక్కన కూసుండింది. ఇప్పుడు ఆమె సొంత వీధిలోనే ఒంటరిగా కూసుండాది. పోయి ఆమె పక్కన కూసోవాల. ఆ ఊరు నాకు సానా మేలు సేసింది. దానికి కష్టమొచ్చినప్పుడు మొగం సాటేస్తే ఎట్లా?"

లోపల ఒక మగ్గం ఆడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"నువ్వేమంటావు టీచరమ్మా?" అని అడిగినాడు వీరభద్రప్ప.

అబద్ధం చెప్పలేకపోయినాను. "నేనైతే భయపడతాను పెద్దప్పా. కానీ నాకు జాబు రాయడం వచ్చు కాబట్టే ఇన్నాళ్ళూ ఆమె మనసు ఆడికి చేరుతోంది. జాబుతో చేరనిది కూడా ఉంటుంది కదా" అన్నాను.

ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. "పోండి. ఏ రైలైనా ఇద్దరూ కలిసే ఎక్కండి" అన్నాడు.

జూన్ మొదట్లో తిరిగొచ్చినారు. వీరభద్రప్ప తానే ఆదోని స్టేషనుకు పోయి, రైలు మూడు గంటలు ఆలస్యమైనా ప్లాట్‌ఫారం మీద నుంచి కదలకుండా నిలబడి తీసుకొచ్చినాడు. మరుసటి రోజు కస్తూరమ్మ నా ఇంటికి వచ్చి చెప్పింది ఇది.

"భయం లేదని సెప్పను టీచరమ్మా. ఏ పెద్ద అంగడికి పోయినా తలుపు కాడ సంచి తెరిసి సూపించాల. ఒక పొద్దు స్టేషనులో ఎవరిదో సంచి పడుండాదని అందర్నీ బయటికి తరిమినారు. ఆయన నా సెయ్యి గట్టిగా పట్టుకున్యాడు. పైకి పోయి నిలబడితే ఎండ కాస్తాంది, పావురాలు తిరుగుతాండాయి, ఎప్పటి ఊరే. నా పక్కనుండే ముసలామె నన్ను సూసి తల ఊపింది, నేనూ ఊపినాను. ఆ ఊరోళ్ళు రోజూ ఇట్లే బతుకుతాండారు కదా అనుకున్యా. సంచిలో ఏమీ లేదంట, ఎవరో మరిసిపోయిన గుడ్డలు."

"జొహ్రా ఎట్లుంది?"

"తల నెరిసిపోయింది. నన్ను సూసి తూకమేసే టమాటాలు కింద పోసేసింది. ఇద్దరమూ కిందికి వంగి ఏరినాం. ఏరతా ఏరతా ఏడ్సినాం."

ప్రదర్శనలో పని అయిపోయినాక ప్రతి సాయంత్రం వాళ్ళిద్దరూ ఆ అంగడికి పోయినారు. రామలింగం జొహ్రా భర్తతో కలిసి పెట్టెలు దించేవాడు. కస్తూరమ్మ జొహ్రా పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచేది. బేరగాళ్ళు తక్కువే. తొమ్మిదో రోజో పదో రోజో ఇద్దరు పోలీసులు లోపలికి వచ్చినారు. జొహ్రా భర్తను కాగితాలు అడిగినారు. ఆయన తీసిచ్చినాడు. జొహ్రాను అడిగినారు. ఆమె కాగితాలుండే డ్రాయరు ఎంత లాగినా తెరుచుకోలేదు.

"నేను లేసినాను టీచరమ్మా. నా పాస్‌పోర్టు నడుముకు కట్టుకున్న సంచిలోనే ఉంటుంది కదా. తీసి ఆ పోలీసాయన ముందర పట్టుకున్యా. ఆయన సెయ్యి అడ్డంగా ఊపినాడు, నీది వద్దని. నేను దించల్యా. 'ఆమెది సూస్తే నాదీ సూడు నాయనా. మేమిద్దరమూ ఒకటే' అన్యా."

"తెలుగులోనా?"

"నాకు ఇంకేం వస్తాది?"

పోలీసు ఆమెను చూసినాడంట, పాస్‌పోర్టు తీసుకున్నాడంట, ప్రతి కాగితమూ తిప్పినాడంట. ఈలోగా జొహ్రా డ్రాయరు తెరుచుకుంది. అందరివీ చూసి తిరిగి ఇచ్చినారు. పోయేటప్పుడు ఆయన టోపీ తీసి ఏదో అన్నాడు. ఇబ్బంది పెట్టినందుకు ఏమనుకోవద్దు అన్నాడని సామియా చెప్పింది. ఇన్ని నెలల్లో ఆ మాట అన్నవాడు ఆయన ఒక్కడేనంట.

"అంతటితో వాళ్ళ కష్టం తీరిందా అంటే తీరల్యా" అనింది కస్తూరమ్మ. "అంగడి ఆ వీధిలోనే ఉండాది, అది సాలు. మేము బయల్దేరే ముందర జొహ్రా నా రెండు సేతులూ పట్టుకుని కండ్లకు అద్దుకుంది. మనిషి పక్కన మనిషి ఉండేది అదొక పెద్ద పనా? నేనే ఆమెకు దండం పెట్టాల."

తరువాత వాళ్ళు మళ్ళీ పోలేదు. అట్లాంటి అవకాశం రాలేదు. ఎనభై తొమ్మిదిలో సామియాకు పెళ్ళి కుదిరిందని జాబు వచ్చింది. రామలింగం వారం రోజులు కూర్చుని ఒక దుప్పటి నేసినాడు. దాంతో పాటు పంపే జాబు రాయడానికి నేను పోయినప్పుడు వీరభద్రప్ప కూడా వచ్చి కూర్చుని, "ఆ పిల్లకు నా ఆశీర్వాదం అని రాయమ్మా. మా వాళ్ళను బాగా సూసుకున్యారు" అన్నాడు.

"మళ్ళీ ఆ ఊరు చూడాలని లేదా అక్కా?" అని అడిగినాను.

"పోవాలని రోజూ ఉంటాది. పొద్దున లేస్తానే ఆ వీధి గుర్తుకొస్తాది. ఇప్పుడు జొహ్రా అంగడి తెరుస్తాంటాదో, ఇంకా పండుకునే ఉంటాదో అనుకుంటా" అనింది. తరువాత, "మనకు తొలకరి వాన పడిందని రాయి టీచరమ్మా. శనక్కాయ విత్తనం ఏస్తాండారని, అంతా బాగుండామని రాయి" అనింది.

రాసినాను.