పనిమీద ఉన్న బట్ట

నా భార్య గంగామణి కాన్పుకు కామారెడ్డిలోని పుట్టింటికి బయలుదేరిన రోజున, ఎల్లారెడ్డిలోని మా ఇంట్లో ఒక బొంత సగం తయారై ఉంది. పుట్టబోయే బిడ్డ కోసం ఆమె వేసుకున్న బొంత అది. అడుగున పాత దుప్పట్లు పొరలుగా పరిచి, పైన ముక్కలు అమర్చి, అవి కదలకుండా పెద్ద పెద్ద కుట్లు వేసింది. నట్టనడుమ మాత్రం అరచేయంత చోటు ఖాళీగా వదిలింది.

"ఈడ ముక్క ఏది?" అని అడిగాను.

"అది ఇంక పనిమీద ఉన్నది. బిడ్డను ఎత్తుకొని వచ్చినంక ఏస్త," అంది. బస్సు ఎక్కే తొందరలో ఉన్నాం. నేను మళ్లీ అడగలేదు.

ఆమె తిరిగి రాలేదు. కాన్పు తర్వాత వచ్చిన జ్వరం తగ్గలేదు. ఆడపిల్ల బతికింది. ఆ రోజుల గురించి ఇంతకు మించి రాయడం నాకు చేతకాదు.

బొంత గురించి రాయగలను.

పెళ్లికి ముందు నేను బొంతను ఒక వస్తువుగా చూసి ఎరగను. చలి వేస్తే కప్పుకునేది, అంతే. గంగామణి కాపురానికి వచ్చాక మా వాకిలి మారిపోయింది. వీధిలోని ఆడవాళ్లు పాత బట్టల మూటలు తెచ్చి అరుగు మీద పెట్టేవారు. కుట్టడం ఎవరి ఇంట్లో వాళ్లకు వచ్చు. ఏ బట్ట వెయ్యాలి, ఎక్కడ వెయ్యాలి అన్నదానికి ఆమె దగ్గరికి వచ్చేవారు. ఆమె ఎండ ఏటవాలుగా పడే పొద్దుటిపూట మూట విప్పి బట్టలన్నీ వాకిట్లో పరిచేది. ఒక్కొక్కదాన్ని వెలుతురుకు పట్టి చూసేది. రెండు చేతులతో లాగి, నేతలో ఇంకా ఎంత ఓపిక మిగిలిందో చూసేది. చివరికి చెంపకు ఆనించుకునేది. చెంపకు గుచ్చుకున్న బట్ట అడుగు పొరకు పోవలసిందే, ఎంత అందమైనదైనా సరే.

ఆ తర్వాత గడప మీద నిలబడి కళ్లు సగం మూసి చూసేది. వ్యవసాయం చేసేవాళ్ల ఇంటి బొంత ఒకటి దుక్కి చాళ్లలాగా పొడుగు పట్టీలతో వేయించింది. మరొక ఇంటి బొంతకు నాలుగు చీరల కొంగులు నాలుగు దిక్కులకు పెట్టించింది. ఒకసారి ఎరుపు, పసుపు పక్కపక్కన పడితే తల అడ్డంగా ఊపింది.

"ఇవి కొట్లాడుకుంటున్నయి. నడుమ ఒక ముసలి బట్టను కూసోబెట్టాలె," అని వెలిసిపోయిన బూడిదరంగు పంచె ముక్క ఒకటి తెచ్చి వాటి మధ్య వేసింది. కొట్లాట నిజంగానే ఆగింది. బడిలో పిల్లల మధ్య నేను చేయలేని పని అది.

తన బిడ్డ బొంతకు మాత్రం ఆమె ఈ పద్ధతులేవీ పాటించలేదు. నలుగురి దగ్గర బట్టలు అడిగింది. తల్లి రామవ్వ చీర, తండ్రి రాజన్న ధోవతి, మా పక్కింటి ఈరవ్వ చీర, నా చొక్కా. "పాత బట్ట కాదు, పనిచేసిన బట్ట గావాలె," అని అందరికీ ఒకటే మాట చెప్పింది. ఒక్కొక్కదాంట్లో ఒక్క ముక్క కోసుకుని, మిగిలిన బట్ట ఎవరిది వాళ్లకు తిరిగి ఇచ్చేసింది. నా చొక్కాకు ఎడమ భుజం దగ్గర కంత పడింది. ఆ ముక్కలో భుజం కుట్టు కూడా ఉంది.

ఈరవ్వ ఆ వీధిలో పుట్టిన పిల్లలందరికీ స్నానం చేయించే ముసలామె. బొంతలు కుట్టడంలో చెయ్యి తిరిగినది. ఆ కుట్టు చూసి ఊరుకోలేదు.

"ఏందే పిల్లా, కుట్టున్న ముక్కను బొంతల ఏస్తరా ఎవలన్న? సూది ఇరుగుతది."

"ఇరిగితే ఇరుగుతది అవ్వా. నీ నాలుకె ఉన్నది గద, దాంతోటి కుడ్త."

"ఓ పంతులూ, ఇన్నవా నీ పెండ్లాం మాట?"

వినలేదన్నట్టు నేను పుస్తకంలో తల దూర్చాను. ఇద్దరూ నవ్వారు.

గంగామణి పోయాక ఆ బొంతను చుట్టి అటక మీద పెట్టాను. కామారెడ్డిలో పాప అమ్మమ్మ దగ్గరే పెరుగుతోంది. వానలు వెనకబట్టి చలి మొదలవుతుండగా బొంతను కిందికి దించాను. మిగిలింది ఒక్క ముక్కే. అది వేస్తే ఈరవ్వ కుట్టేస్తుంది. కానీ నేను ఏదో ఒక బట్ట వేస్తే అది నా బొంత అవుతుంది. పాపకు తల్లి ఇవ్వగలిగింది ఇదొక్కటే. ఇది తల్లి అనుకున్నట్టే పూర్తి కావాలి.

'పనిమీద ఉన్నది' అన్న మాట గురించి చాలా ఆలోచించాను. మా వైపు నేతవాళ్లు మగ్గం మీద ఉన్న బట్టను అలాగే అంటారు. బిడ్డ కోసం ఎక్కడో కొత్త బట్ట నేయిస్తోందని అనుకున్నాను. సెలవు రోజున రామారెడ్డి ఊరికి వెళ్లి మగ్గాలున్న ఇళ్లలో అడిగాను. మరో సెలవున తాడ్వాయి వెళ్లాను. గంగామణి పేరు మీద ఏ మగ్గం మీదా ఏ బట్టా లేదు. ఒక నేతాయన జాలిపడి, "పంతులూ, ఏ రంగు గావాల్నో చెప్పు, నేనే నేసిస్త," అన్నాడు. ఏ రంగో నాకు తెలియదు. వచ్చేశాను.

ఈ సంగతి తెలిసి రామవ్వ పాపను తీసుకుని ఎల్లారెడ్డి వచ్చింది. చంకలో పాప, చేతిలో ఒక మూట. మూటలో గంగామణి పెళ్లి చీర.

"ఇంక తిరుగకు కొడుకా," అంది. "నడుమ ఇది ఏద్దాం. నా బిడ్డ దగ్గర ఇంతకంటె మంచి బట్ట ఏమున్నది?"

ఎర్రటి చీర. జరీ అంచు. పెళ్లినాడు కట్టి, ఆ తర్వాత ఒకటి రెండు పండుగలకు కట్టి పుట్టింటి పెట్టెలో దాచుకున్నది. కాదనడానికి నా దగ్గర కారణం లేదు. కానీ తప్పు చీరకు కత్తెర పెడితే ఇక దిద్దుకునే వీలు లేదు. మరునాడు పొద్దున ఈరవ్వ వచ్చాక కోద్దామన్నాను.

పొద్దున ఈరవ్వ వచ్చింది. రాగానే కత్తెర సంగతి పక్కన పెట్టి పాపను లాక్కుంది.

"ముందుగాల పొల్లకు తానం. కామారెడ్డిల మీకు నీళ్లు దొరకయా ఏంది రామవ్వా, మెడల జిడ్డు గట్లనే ఉన్నది."

"మా తాన రైలు ఇంజనుకు గూడ నీళ్లున్నయి. పొల్ల మెడ తిప్పనియ్యదు. నువ్వు చేసి సూడు."

"ఎల్లారెడ్డిల సగం ఊరు నా కాళ్ల మీదనే తానం చేసింది. గా కరణం గూడ చేసిండు. ఇప్పుడు నన్ను సూస్తే మొఖం తిప్పుకుంటడు."

వాకిట్లో పీట మీద కూర్చుని ఆమె కాళ్లు చాపింది. తన ఎముకలు పాపకు ఒత్తుకోకుండా చీరను మోకాళ్ల కిందికి కప్పి, దాని మీద పాపను పడుకోబెట్టింది. రామవ్వ అరుగు మీద పెళ్లి చీర విప్పి కత్తెర పట్టుకుంది. నేను చెంబుతో నీళ్లు అందిస్తున్నాను.

నీళ్లు పడగానే ఈరవ్వ చీర కాళ్లకు అంటుకుంది. పాప నడుము కింద మాసిక ఒకటి కనిపించింది.

"గీ మాసిక తడిసి బరువైతున్నది," అంది ఈరవ్వ. "మంచి చీరకు కాళ్ల మీద కంత పెట్టింది పిచ్చి పిల్ల. కొంగుకాడ కోసుకోరాదా? ఎవలు వద్దన్నరు?"

చెంబు నా చేతిలోనే ఉండిపోయింది. పాప సరిగ్గా ఆ మాసిక మీద ఉంది. తల ఒక వైపు, కాళ్లు ఒక వైపు, నడుమ బరువంతా ఆ ముక్క ఉండవలసిన చోట.

రామవ్వ కత్తెర కింద పెట్టింది. "నా చీర నడుముకాడ కోసింది," అంది నెమ్మదిగా. "ఎడమ దిక్కు."

ఈరవ్వ గబగబా పాపను తుడిచి ఆమెకు అందించింది. రామవ్వ కట్టుకున్నది ఆ చీరే. పాపను అలవాటుగా ఎడమ చంకకు ఎత్తుకుంది. నడుము దగ్గర ఉన్న అతుకు పాప కింద మరుగైపోయింది.

"ధోవతి?" అని అడిగాను.

"నట్టనడుమ కోసింది. మఠం ఏసుకొని కూసుంటే ఒడి అయితది సూడు, ఆడ. నా బిడ్డ నన్ను ఊర్లె తిరగనియ్యకుంట చేసిందని నవ్విండు నీ మామ."

నేను లోపలికి వెళ్లి ఆ చొక్కా తొడుక్కుని వచ్చాను. రామవ్వ పాపను నా భుజానికి ఇచ్చింది. అప్పటిదాకా నేను పాపను చేతుల మీద పట్టుకున్నాను గాని భుజం మీద వేసుకోలేదు. పాప తల అటూ ఇటూ ఊగి, ఒక చోట ఆగింది. తడి చెంప చొక్కాకు కాదు, కంతలోంచి నా ఒంటికి తగిలింది.

ఆ చల్లదనం ఇప్పటికీ ఆ చోట ఉంది.

ఆ ముక్కలు కోసేనాటికి బిడ్డ ఇంకా పుట్టలేదు. మమ్మల్ని ఎవరినీ కొలవలేదు, నిలబెట్టి చూడలేదు. అయినా ఎవరం ఎక్కడ ఎత్తుకుంటామో ఆమెకు ముందే కనిపించింది. ఆ చోటు బట్టనే కోసి బొంత మీద పెట్టింది. రంగులు కలుస్తాయా, కుట్టు అడ్డం వస్తుందా అన్నది చూడలేదు. ఇన్నాళ్లూ నేను ముక్కలను చూశాను. చూడవలసింది కంతలను.

"మరి తల్లిది?" అంది ఈరవ్వ. ఎప్పుడూ లేనంత చిన్న గొంతుతో.

"తల్లి ఏడ ఎత్తుకున్నది..." అని రామవ్వ ఆగిపోయింది.

అప్పుడు ఆ మాట నాకు అర్థమైంది. 'ఇంక పనిమీద ఉన్నది' అని గంగామణి అన్నప్పుడు ఆ బట్ట మగ్గం మీద లేదు. ఆమె ఒంటి మీద ఉంది. తన బిడ్డను ఆమె మోసిన చోటు ఒక్కటే, కడుపు. ఆ పని బిడ్డ పుట్టేదాకా అయిపోదు.

పాపను రామవ్వకు ఇచ్చి లోపలికి వెళ్లాను. నెలలు నిండుతున్న రోజుల్లో ఆమె విడవకుండా కట్టిన ఆకుపచ్చ నేతచీర, కామారెడ్డి నుంచి ఆమె పెట్టెలో తిరిగి వచ్చింది. అది నా పరుపు మడతలో ఉంది. తెచ్చి మంచం మీద పెట్టాను.

రామవ్వ పాపను మంచం మీద పడుకోబెట్టి, ఆ చీరను తన నడుముకు పట్టి ఒక చుట్టు తిప్పింది. రెండో చుట్టు ముందుకు వచ్చిన చోట ఆగింది. అక్కడ ఆకుపచ్చ వెలిసి దాదాపు తెల్లబడింది. దగ్గరికి జరిగి చూశాం. అరచేయంత మేర.

"ఆడనే చెయ్యి పెట్టుకొని నిలుసుండేది," అంది ఈరవ్వ. "నీళ్ల చెయ్యి, పిండి చెయ్యి, అంతా ఆడనే. చీర ఖరాబైతున్నదే అంటె ఇనకపోయేది."

రామవ్వ ఆ వెలిసిన చోట తన చెయ్యి ఆనించింది. ఆమె చెయ్యి కొంచెం పెద్దది.

పెళ్లి చీరను మడత పెట్టి మూటలో పెట్టింది. తర్వాత నా వైపు చూసింది. "నీకు వద్దనిపిస్తె చెప్పు కొడుకా. ఇది ఇట్లనే దాసుకో. మల్ల పెండ్లి చీరనే తీస్త. ఎవ్వలు ఏమనరు."

ఆమె నిజంగానే అడిగింది. ఆమెది నా దగ్గర మిగిలింది ఆ చీర ఒక్కటే, అదీ ముక్క తీయనిది. చెయ్యి దాని అంచు మీద వేశాను. మంచం మీద పాప ఆ చీర కొంగును గుప్పిట పట్టి నోటి దగ్గరికి లాక్కుంటోంది.

"దాని పని అయిపోయింది గద అత్తా," అన్నాను.

"ఏడ అయిపోయింది పంతులూ," అని ఈరవ్వ కత్తెర నా చేతిలో పెట్టింది. "వంకర పోకుంట కొయ్యి."

వంకర పోయింది. ఆ వెలిసిన చోటు చదరంగా లేదు మరి. దాన్ని వదలకుండా కోస్తే ముక్క ఒక వైపు ఉబ్బింది. ఈరవ్వ గొణిగింది గాని సరిచేయలేదు. బొంతలో మిగిలిన ఖాళీని ముక్క అంచులు కప్పి కొంచెం పక్కకు పొర్లాయి. ఆమె అలాగే కుట్టింది. అంచుల నుంచి మొదలుపెట్టి, ధోవతి మీదుగా, చీరల మీదుగా, వరస వెంట వరసగా లోపలికి వచ్చింది. నా చొక్కా కుట్టు దగ్గర సూది విరిగింది. గంగామణిని ఒక తిట్టు తిట్టి, కళ్లు తుడుచుకుని, ఇంకో సూదికి దారం ఎక్కించింది.

బొంత పూర్తయ్యాక పాపకు కప్పాం. కాళ్లతో తన్నింది. మళ్లీ కప్పితే ఊరుకుంది.

నేను ఆకుపచ్చ చీరను మడత పెట్టాను. కంత పైకి వచ్చింది. అందులోంచి కింది మడత కనిపించింది. అదే ఆకుపచ్చ.