చేపల కోసం కట్టిన జలపాతం

"ఏమోయ్, ఎక్కడున్నావ్?"

ఆ ఇంట్లో ఆమె పేరు అదే. పెళ్ళయిన నాటి నుంచీ భర్త ఆ ఒక్క పిలుపుతోనే సంసారం నెట్టుకొచ్చాడు. టవల్ కావాలన్నా ఏమోయే, ఫ్యాన్ ఆపాలన్నా ఏమోయే. ఎవరో తలుపు కొడుతుంటారు; తలుపు పక్కన కుర్చీలో ఆయన ఉంటాడు, వంటింట్లో ఆమె ఉంటుంది, వెళ్ళి తియ్యాల్సింది మాత్రం ఆమె. "ఆఁ, వస్తున్నా" అనడం కాస్త ఆలస్యమైతే కొంపలంటుకుపోయినట్టు రెండో పిలుపు, మూడో పిలుపు వచ్చేవి. మూడోదానికి అత్తగారు కూడా గొంతు కలిపేది. "వాడలా అరుస్తుంటే నీకు చెవులు లేవా అమ్మాయ్?"

ఆఫీసులోనూ ఆమెది ఫోన్లు ఎత్తే పనే. పగలంతా ఊళ్ళోవాళ్ళ ఫిర్యాదులకు "చెప్పండి" అని, సాయంత్రం ఇంటికొచ్చి మళ్ళీ "చెప్పండి" అనేది. తనకేం కోపం లేదనుకునేది కూడా. ఒక ఆదివారం టీ కలుపుకుని, పెరట్లో మామగారు బతికుండగా తవ్వించిన చేపల కుంట దగ్గర కుర్చీ వేసుకుంది. కూర్చున్న చోటు వేడెక్కకముందే పిలుపు. వెళితే, "రిమోట్ ఎక్కడ పెట్టావ్?" అన్నాడు. అది ఆయన ఆనుకున్న దిండు కిందే ఉంది. తీసిచ్చి తిరిగొచ్చేసరికి టీ చల్లారిపోయింది. ఆ చల్లటి టీ తాగుతుంటే ఏడుపొచ్చింది. ఇంత చిన్నదానికి ఏడవడమేమిటని సిగ్గు కూడా వేసింది. ఒక్క కప్పు టీ, వేడిగా, కూర్చున్నచోటు నుంచి లేవకుండా, ఆఖరి గుక్క దాకా తాగాలి. అంతకుమించి ఆమెకు పెద్ద కోరికలేం లేవు. ఆ మాట ఎవరితోనూ అనలేదు. అంటే నవ్వుతారని తెలుసు.

ఆఫీసుకు వెళ్ళే దారిలో ఒక హోటలు ముందు రాళ్ళతో కట్టిన జలపాతం ఉంది. ఒకసారి దాని పక్కన నిలబడి భర్త చేసిన ఫోను ఎత్తితే ఆయన మాట ఒక్క ముక్క వినపడలేదు. ఆమె ఫోన్ పెట్టేసి, ఆ నీళ్ళనే చూస్తూ చాలాసేపు నిలబడిపోయింది.

ఇంటికొచ్చి, "చేపలకు ఊపిరాడటం లేదండీ. పొద్దున్నే పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. పైనుంచి నీళ్ళు పడుతుంటే గాలి కలుస్తుందట" అంది. అబద్ధమేం కాదు. ఊపిరాడటం లేదనగానే ఇంట్లో అందరూ ఒప్పేసుకున్నారు, చేపలకు కదా మరి.

"పాపం, మూగజీవాలు," అన్నాడు భర్త. "నీకు ఓపికుంటే కట్టించుకో. నన్ను మాత్రం లాగకు."

బరువు రాళ్ళు ఎత్తడానికి మేస్త్రీని పిలిచింది. మిగతాదంతా తనే చేసుకుంది. గట్టు మీద మట్టి గుట్టగా పోసి, గట్టిగా దిమ్మిస కొట్టి, మెట్లు మెట్లుగా చెక్కింది. మట్టి నీళ్ళు తాగెయ్యకుండా పైన నల్లటి రబ్బరు షీటు పరిచి, అంచులు పైకి మడిచి రాళ్ళ వెనక దాచింది. కుంట అడుగున పంపు, గుట్ట వెనకగా పైదాకా పైపు, పెరటి గుమ్మం పక్కన స్విచ్చి. తీరా స్విచ్చి వేస్తే నీళ్ళు పడనే లేదు. పైమెట్టు మీద పెట్టిన బండ కింద సందులోంచి దూరి, రాయిని కరుచుకుని, దొంగపిల్లిలా చప్పుడు లేకుండా కిందికి దిగిపోయాయి.

"బాగానే ఉందిగా అమ్మా! అందరూ ఇలా మెత్తగానే కావాలంటారు," అన్నాడు మేస్త్రీ.

"నాకు చప్పుడు కావాలి."

"ఎంత చప్పుడమ్మా?"

ఆమె లోపలికెళ్ళి వంటింట్లో రేడియో పూర్తి గొంతుతో పెట్టి వచ్చింది. "అది వినపడకూడదు."

మేస్త్రీ ఆమెనోసారి, ఇంటినోసారి చూశాడు. "చేపలకు రేడియో పడదామ్మా?"

"పడదు," అంది.

బండ కింద సందుల్లో సిమెంటు కూరి, బండను జానెడు ముందుకు జరిపి, కాస్త కిందికి వంచారు. నీళ్ళు ఈసారి రాయిని వదిలేసి ఒక్కసారిగా దూకాయి. ఆ హోరులో రేడియో మునిగిపోయింది.

తర్వాతి ఆదివారం టీ కప్పుతో కూర్చుంది. పిలుపు వచ్చింది. ఆమెకు వినపడింది. రేడియోను మింగిన హోరు ఆ "ఏమోయ్"ను మింగలేకపోయింది. గాఢనిద్రలోంచి కూడా ఆ పిలుపుకే లేచిన చెవులవి, వాటికి జలపాతం ఒక లెక్కా! ఒళ్ళు తనంతట తనే సగం లేచింది. అంతలో తట్టింది, వినపడిందని ఆయనకు తెలియదు కదా అని. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని మళ్ళీ కూర్చుంది. ఆయన గుమ్మం దాకా వచ్చి చేతులూపాడు. "నీళ్ళ చప్పుడండీ," అంది అమాయకంగా.

అలా కొన్నాళ్ళు గడిచింది. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చోవడం పైకి బాగానే అలవాటైంది కానీ, లోపల ప్రతి పిలుపుకూ లేవాలనే అనిపించేది. తప్పు చేసినట్టుండేది. ఇంట్లో మాత్రం ఏ పనీ ఆగలేదు. రిమోట్లు దొరికాయి, తలుపులు తెరుచుకున్నాయి.

ఒకనాడు అత్తగారు కూడా కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. చాలాసేపు చేపల్ని చూసి, ఆమె చెవి దగ్గరకు వంగి, "కుంటతో పాటే కట్టించాల్సింది దీన్ని. మీ మామగారు ఉండగానే," అంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

భర్త తెలివితక్కువవాడేం కాదు. ఒకరోజు నీళ్ళు టక్కున ఆగిపోయాయి. "ఏమోయ్!" చూస్తే ఆయన గుమ్మంలో స్విచ్చి మీద చెయ్యివేసి నవ్వుతున్నాడు. "ఇప్పుడు వినపడిందా?" ఆమె లేచి వెళ్ళింది. చొక్కా గుండీ ఊడిందట. ఆనాటి నుంచీ అదే పద్ధతి. "మా ఆవిడ నాకు భలే కాలింగ్ బెల్ కట్టించిందిరా," అని స్నేహితులకు ఫోన్లో చెప్పి నవ్వేవాడు. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కేది. ఆయన మీద కొంత, తన మీద ఎక్కువ. అంత మట్టి మోసింది, అన్ని రాళ్ళు సర్దింది, చివరికి ఒక కప్పు టీ తాగడానికి నీళ్ళ చాటున దాక్కుంది. దాక్కున్నవాళ్ళను బయటికి లాగడం ఎంతసేపు?

మొన్న ఆదివారం మళ్ళీ నీళ్ళు ఆగాయి.

"ఏమోయ్, నా చార్జరెక్కడ?"

ఒళ్ళు అలవాటుగా సగం లేచింది. కప్పులో టీ ఇంకా పొగలు కక్కుతోంది. ఆమె మెల్లగా వెనక్కి ఆనుకుంది. పెరడంతా నిశ్శబ్దంగా ఉంది.

"ఏమోయ్! నీళ్ళు ఆపాను కదా, ఇంకా వినపడటం లేదా?"

"వినపడుతోందండీ," అంది, తల తిప్పి ఆయన్నే చూస్తూ. "నీళ్ళు పడుతున్నప్పుడు కూడా వినపడేది. ప్రతిసారీ వినపడేది."

ఆమె ఒక గుక్క తాగింది.

"ఆ స్విచ్చి వేసి వెళ్ళండి. నేను టీ తాగుతున్నాను."