మోరీ మీద సేటు

నేను తీసిన ఫోటో చూసి ఒక్కరికైనా ఒళ్లు మండాలి. ఇన్నేళ్లుగా ఈ వృత్తిలో నాకున్న కోరిక అదొక్కటే. పుణె గ్యాలరీల్లో జనం నా సమాజ విమర్శ ముందు నిలబడి టీ తాగుతారు, తలలూపుతారు, బాగుందంటారు. బాగుండాలని తీశానా నేను?

అందుకే ఈసారి ప్రదర్శన మా నేతగాళ్ల దాజీ పేట్‌లోనే పెట్టాను. మా సుందరాబాయి చిన్నమ్మ పురుషోత్తం సేటు చాళ్‌లో, ఆ వరస ఇళ్లలో ఒకదాంట్లో, కిరాయికి ఉంటుంది. ఇంట్లోనే మగ్గం. రేకులు తుప్పుపట్టి చిల్లులు పడ్డాయి, వాన కురిస్తే పడుగంతా తడుస్తుంది. సేటు రేకులు మార్పించడు. తన పుట్టినరోజుకు మాత్రం ఏటా కొంతం చౌక్‌లో గోడంత ఫ్లెక్సీ కట్టిస్తాడు. ఆ వేడుక అయిపోగానే పేటవాళ్లు దాన్ని విప్పుకొచ్చి, బొమ్మ కిందికి కనపడేలా రేకుల కింద కట్టుకుంటారు. పైనుంచి నీళ్లు కారుతుంటే సేటు చేతులు జోడించి నవ్వుతూ ఉంటాడు. చిన్నమ్మ ఇంట్లోనే ఆ ఫోటో తీశాను. అది చూసి సేటు సిగ్గుపడాలి, రేకులు వేయించాలి. లేదంటే కెమెరా అమ్మేస్తానని చిన్నమ్మతో అన్నాను. ఆమె నవ్వి కండెలు చుట్టుకుంది.

రిబ్బన్ కత్తిరించడానికి సేటునే పిలిచాను. ఆయన తన ముఖం ముందు చాలాసేపు నిలబడ్డాడు. దున్నపోతు మీద వాన కురిసినట్టే. జనం తన నీడలో బతుకుతున్నారని ఇంత చక్కగా ఎవరూ చూపలేదని మురిసిపోయి, నాకు శాలువా కప్పబోయాడు. నాకు ఏడుపొచ్చింది.

అంతలో ఆయన చూపు ఫోటోలో పక్కకు జరిగింది. మగ్గం మీద కట్టింది ఆయన ఫ్లెక్సీ కాదు, ఆయనంటే పడని అంబాదాస్ సేటుది. ఈయనను కట్టింది ఇంటి మూలన, స్నానాలు చేసి అంట్లు తోముకునే మోరీ మీద. ఫోటో తీసిన నేనే పట్టించుకోని సంగతి అది.

"వాణ్ని మగ్గం మీద, నన్ను మోరీ మీదనా?" అన్నాడు సేటు.

పక్కనే ఉన్న చిన్నమ్మ నిదానంగా చెప్పింది. "నీది పల్చగున్నది సేటూ, నీళ్లు ఆగయి. ఆయనది దొడ్డుగున్నది."

సేటు ముఖం కందగడ్డ అయింది. శాలువా మడిచి చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. నా సంతోషం చెప్పలేను. ఇక రేకులు వచ్చినట్టే అనుకున్నాను.

మర్నాడు టెంపో వచ్చింది. చాళ్‌లో ఇంటింటికీ కొత్త ఫ్లెక్సీ, లారీల మీద కప్పే తాడ్‌పత్రి అంత మందం, ముఖం రెండింతలు. రేకు ఒక్కటీ లేదు. నేను వెళ్లేసరికి చిన్నమ్మ మగ్గం మీద సేటును కడుతోంది, అంబాదాస్ అప్పటికే మోరీ మీదికి మారాడు. నాకు కోపం ఆగలేదు. అంత పౌరుషం మీదున్న మనిషిని రేకులే అడగొచ్చు కదా అని ఆమె మీదికి లేచాను.

ఆమె తాడు ముడి బిగించి కిందికి దిగింది.

"పిచ్చిదానివి ఋతుజా. రేకులేస్తే కిరాయి పెంచుతడు. మొఖమైతే ఫుకట్‌ల ఇస్తడు."