తంపరవలసలో నా నోటికి గుడ్డ

నేను ఒక హారన్‌ని. ముందు ఇత్తడి బూర, వెనక నల్లటి రబ్బరు బుడ్డి. ఇచ్ఛాపురంలో నన్నొక్కసారి నొక్కితే భీమిలిలో కుక్కలు ఉలిక్కిపడి లేచేవి. నా నోరు మూయించగలిగిన మనిషి ఈ ఉత్తర కోస్తాలో ఇంకా పుట్టలేదు.

పుట్టింది. పేరు దమయంతి. తంపరవలస ఆడపడుచు, పక్షులు చూడ్డానికి వచ్చేవాళ్లకి గైడు. ఆవిడ ఆయుధం ఒక పాత లుంగీ ముక్క. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నా ఇత్తడి కాగిపోతుంది.

నన్ను చేసిన ముసలాయన జన్మంతా చెంబులూ బిందెలే చేశాడు. పోయేలోగా ఒక్కటైనా మాట్లాడే వస్తువు చెయ్యాలని నన్ను చేశాడు. ఒక్కసారి నొక్కి విన్నాడు. ఆ సాయంత్రమే అమ్మేశాడు. ఆ తర్వాత టెక్కలి రోడ్డు మీద ఒక బస్సుకి పదేళ్లు పనిచేశాను. ఆ డ్రైవరు గేదె కనబడితే నొక్కేవాడు, గేదె కనబడకపోతే అదెక్కడికి పోయిందా అని నొక్కేవాడు. పిమ్మట ఐస్‌ఫ్రూట్ బండి. నా గొంతు వినగానే పిల్లలు పుస్తకాలు విసిరేసి పరిగెత్తుకొచ్చేవారు, వాళ్ల అమ్మలు నన్ను తిట్టేవారు. ఐస్‌ని ఒక్కరూ తిట్టలేదు. మనుషుల న్యాయం అంతే.

చివరికి ఢిల్లేశ్వరరావు జీపు తలుపుకి చేరాను. అతను దమయంతితో కలిసి సగం రోజు టూర్లు నడుపుతాడు. పొద్దున్నే ఏరు సముద్రంలో కలిసే ఏటిమొగ దగ్గర ఎర్రపీతలు, తాబేళ్ల గుడ్లు దాచిన కంచె, ఆ పైన తంపరవలస గూళ్లు, భోజనం వేళకి వెనక్కి.

తంపరవలస చింతచెట్ల మీద ఎర్రకాళ్ల కొంగలు, గూడబాతులు గూళ్లు కడతాయి. ఊరివాళ్లు వాటిని పురిటికొచ్చిన ఆడపిల్లలంటారు. అవి ఉన్నన్నాళ్లూ పెళ్లికి మేళం ఉండదు, పండక్కి టపాకాయ ఉండదు, ఊళ్లోకి వచ్చే బండి హారన్‌కి గుడ్డ కుక్కాల్సిందే. ఎందుకంటే పెద్ద పక్షులు బెదిరి ఒక్కసారిగా లేస్తే, ఆ ఊపుకి రెక్కలు రాని పిల్లలు గూట్లోంచి జారి కింద పడతాయి. ఐదేళ్ల కిందట ఎవరిదో బండి మోతకి పదకొండు పిల్లలు రాలిపోయాయి. ఊరు టూర్లు ఆపేసింది. దమయంతి ఇంటింటికీ తిరిగి, ‘నేను తెచ్చే బండి కూత ఒక్కటి వినబడినా దారికి నేనే ముళ్లకంప వేస్తాను’ అని మాటిచ్చి, మళ్లీ తెరిపించింది.

బాగుంది. మరి ఆ ఆడపిల్లలు చేసే గోలో? గూడబాతు పిల్లలు పొద్దు పొడిచింది మొదలు దెయ్యం పట్టినట్టు అరుస్తాయి. కొంగలు ముక్కులు టకటకలాడిస్తూనే ఉంటాయి. వాటికి లేని గుడ్డ నాకెందుకు? నాలుగు సీజన్లు ఆ లుంగీ రుచి చూశాను. నాలుగు సీజన్ల కోపం గొంతులో దాచుకున్నాను.

మొన్న ఫిబ్రవరిలో, ఇరవై రోజులు షెడ్డులో పడున్న జీపు మళ్లీ కదిలింది. విశాఖపట్నం నుంచి ఫణీంద్ర అనే ఆయన వచ్చాడు. ఆయన కెమెరా లెన్సు మా పాత బస్సు సైలెన్సరంత ఉంది. ఏటిమొగ దగ్గరే తాబేళ్ల కంచె మీద కాలెత్తాడు.

“బాబూ, దాటకండి, కింద గుడ్లున్నాయి,” అంది దమయంతి.

“ఒక్క ఫొటోనమ్మా.”

“నలబై రోజులబట్టి ఇసకలో ఉన్నాయవి, తొందరపడట్లేదు. మీకేటి బాబూ తొందర?”

తంపరవలస పొలిమేరలో నాకు గుడ్డ కుక్కారు. చెట్ల కింద నిలబడి ఫణీంద్ర మొహం ముడుచుకున్నాడు. “ఇవేంటి, కూర్చునే ఉన్నాయి? నాకు రెక్కలు విప్పింది కావాలి.”

“పిల్లలకి నీడ పడతన్నాయి బాబూ. మీ అమ్మ మిమ్మల్ని ఎత్తుకున్నప్పుడు ఎగిరిందేటి?”

ఢిల్లేశ్వరరావు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు. ఫణీంద్ర నవ్వలేదు. ఇంతలో అవతలి చెట్టు కింద ఒక కొంగపిల్ల పడి ఉందని ఎవరో సైగ చేస్తే, దమయంతీ ఢిల్లేశూ బుట్ట పట్టుకుని వెళ్లారు. ఫణీంద్ర జీపు దగ్గరికొచ్చాడు. జీపుకున్న కరెంటు హారన్‌కి తాళం కావాలి, అది ఢిల్లేశు జేబులో ఉంది. నాకు తాళాలక్కర్లేదు. ఒక చేత్తో కెమెరా చెట్టు మీదికి ఎత్తి, రెండో చేత్తో నా గుడ్డ పీకాడు. బుడ్డి మీద చెయ్యి వేశాడు.

అప్పుడు గూట్లో బోసిమెడలు చాచిన పిల్లలు కనబడ్డాయి నాకు. నా గుండె కరిగింది. ఊపిరి బిగబట్టాను. నొక్కాడు.

పుస్స్.

మళ్లీ నొక్కాడు. పుస్స్. ఒక గూడబాతు ఆవలించింది, అంతే. ఇంత త్యాగం ఏ హారనైనా చేసిందా?

“టైరు గాలి పోతందక్కా!” అంటూ ఢిల్లేశు పరిగెత్తుకొచ్చాడు. వెనకే దమయంతి. ఫణీంద్ర చేతిలో లుంగీ ముక్క.

ఆవిడ గొంతు పెంచలేదు. చెట్ల కింద పెంచకూడదు కదా. గుసగుసగా తిట్టింది. నేను పదేళ్లు బస్సుస్టాండ్లలో తిట్లు విన్నాను, అంత గట్టి తిట్లు వినలేదు. “ఊరంతటికీ మాటిచ్చినాను నాను. మీ పొటోకి ఆ పిల్లల పేణాలు కావాలా?”

“మోగలేదు కదమ్మా, ఏం కాలేదు కదా,” అన్నాడాయన.

“అది మోగలేదు. మీరు మానలేదు. బండెక్కండి.”

ఢిల్లేశు నన్ను ఊడదీసి నోట్లోకి తొంగిచూశాడు. “అక్కా, దీని గొంతుకలో కుమ్మరిపురుగు మట్టిగూడు కట్టీసినాది. షెడ్డులో ఉన్నప్పుడే. పొడిచీనా?”

“ఉండనీరా. అందులోనూ పిల్లలుంటాయి.”

అలా చింతచెట్ల కింద కాపలా గుడిసెలో మేకుకి వేలాడుతున్నాను. కొత్తవాళ్లు రాగానే త్యాగమూర్తిలా మెరుద్దామనుకుంటాను. దమయంతి ఊరుకోదు. “ఇది మంచిదై ఊరుకోలేదండి, పురుగు నోరు కట్టీసినాది,” అంటుంది. అందరూ నవ్వుతారు.

సరే, ఒప్పుకుంటున్నాను. పిల్లలు నాకు కనబడలేదు. నాకు కళ్లే లేవు, అంతా వినికిడే. ఆ రోజు నాలుగు సీజన్ల కోపం కూడదీసుకుని, చెట్లు ఖాళీ అయ్యేలా మోగాలనే చూశాను. రెండుసార్లూ చూశాను. నన్ను ఆపింది గోళీకాయంత మట్టి.

ఆ పురుగులు మార్చిలో ఎగిరిపోయాయి. గూట్లో చిన్న కంత మిగిలింది. నిన్న నాలోంచి సన్నగా ఈల వచ్చింది. దమయంతి తలెత్తి చూసింది. సముద్రపు గాలి అనుకుంటుందిలే అనుకున్నాను. వెళ్లి లుంగీ ముక్క తెచ్చింది.

గాలి కాదు. నేనే వేశాను.