ఈ రాకెట్ కట్టింది నేనే

సోయా కోసేసిన పొలంలో మడతబల్ల వేసుకుని కూర్చున్న గోర్డన్, ధరణి రాకెట్‌ను ఒళ్ళో పడుకోబెట్టుకుని రెక్కల మొదళ్ళు బొటనవేలితో తడిమి చూశాడు. డెబ్భై దాటిన మనిషి, నలభై ఏళ్ళు లేత్ మిషన్ మీద పనిచేసి రిటైరయ్యాడు. ఈ రాకెట్ క్లబ్బులో సర్టిఫికేట్లు ఇచ్చేది అతనే. మెచ్చుకోవడం అతనికి చేతకాదని అందరూ అంటారు.

“జిగురు పని అద్దంలా ఉంది,” అన్నాడు ఇంగ్లీషులో. “ఏం పెట్టి రుద్దావు?”

ధరణి రాకెట్ వైపు వంగి చూసింది. తన జిగురు పని అద్దంలా ఉండదు. మూడు రెక్కలు, ఒక్కో రెక్కకు రెండు వైపులా ఎపాక్సీ జిగురు గీత. ఆరు గీతలూ దోసెపిండి ఒలికినట్టు గడ్డలుగడ్డలుగా ఉండాలి. ఒకదాని మీద తన వేలిముద్ర కూడా ఉండాలి. ఆరిందనుకుని నొక్కితే పడ్డది. వేలు పెట్టి చూసింది. ముద్ర లేదు, గడ్డలు లేవు. పైన బూడిదరంగు కూడా కొత్తగా కొట్టి ఉంది.

వెనక్కి తిరిగింది. మొగుడు అనంత్ కాఫీ కప్పులోకి వంగి, అందులో ఏదో పడిపోయినట్టు వెతుకుతున్నాడు.

అర్థమైపోయింది.

అనంత్ చెడ్డవాడు కాదు. అదే తలనొప్పి. చెడ్డవాడైతే నాలుగు తిట్టి ఊరుకోవచ్చు. హైదరాబాదులో, డాలస్‌లో, ఇప్పుడు కెనడాలో ఈ మిల్టన్‌లో, ఎక్కడున్నా సాఫ్ట్‌వేర్‌లో మంది చేసిన తప్పులు దిద్దడమే అతని ఉద్యోగం. ఇంటికొచ్చాక కూడా డ్యూటీ దిగడు. ఆమె డిష్‌వాషర్‌లో గిన్నెలు పెడితే తీసి మళ్ళీ పెడతాడు. ఆమె హెచ్ఆర్‌కి మెయిల్ రాస్తే పంపేలోపు నాలుగు మాటలు మారుస్తాడు. గొంతు పెంచడు, నవ్వుతూనే చేస్తాడు. అడగని సాయం దొంగతనమే. దొంగ నవ్వుతూ వస్తే లోకం దాన్ని ప్రేమ అంటుంది.

ధరణి వేర్‌హౌస్‌లో పార్సెళ్ళు స్కాన్ చేస్తుంది. ఏ పెట్టె ఏ అరలో పెట్టాలో చేతిలో మిషన్ చెబుతుంది, ఎన్ని సెకన్లలో పెట్టాలో కూడా అదే చెబుతుంది. ఎనిమిది గంటలు తిరిగి ఇంటికొస్తే, ఇది నేను చేశాను అని చూపించడానికి ఒక్క వస్తువు ఉండదు. మూడేళ్ళ కిందట ఈ పొలం పక్క రోడ్డు మీద పోతూ ఆకాశంలోకి లేచిన తెల్లటి పొగగీత చూసి కారు ఆపింది. ఆ రోజు పట్టుకున్న పిచ్చి వదల్లేదు. ఎవరూ నేర్పలేదు. లైబ్రరీ పుస్తకాలు, యూట్యూబ్, పాడుచేసుకున్న అట్టగొట్టాలు, అవే గురువులు.

చిన్న మోటార్లతో ఎవరైనా ఎగరేసుకోవచ్చు. పెద్ద మోటారు కావాలంటే సర్టిఫికేట్ ఉండాలి. దానికి రాకెట్‌ను తన చేతులతో కట్టాలి, అది ఎగరాలి, పారాచూట్ తెరుచుకోవాలి, మరమ్మతు లేకుండా మళ్ళీ ఎగరగలిగేలా నేలకు దిగాలి. జూన్‌లో ఒకసారి ప్రయత్నించింది. పారాచూట్ లోపలే ఇరుక్కుని రాకెట్ ముక్కు మూరెడు మట్టిలో దిగబడింది. మిల్టన్ దాకా గంటన్నర కారులో ఏడ్చింది. నాలుగు నెలలు బేస్‌మెంట్‌లో కూర్చుని మళ్ళీ కట్టింది. ఇది అక్టోబరు చివరి ఆదివారం. ఈరోజు పోతే మళ్ళీ మే నెలే. ఈ మధ్యంతా మంచు.

గోర్డన్ ఫారం ఆమె వైపు తిప్పి పెన్ను ఇచ్చాడు. కింద ఒకే ఒక్క వాక్యం: ఈ రాకెట్ కట్టింది నేనే. దాని కింద సంతకానికి గీత.

“నువ్వు ముట్టుకున్నవా?” అంది ధరణి తెలుగులో. కోపమొస్తే ఆమె నోట్లో కరీంనగర్ లేచి నిలబడుతుంది.

“ముందు సంతకం పెట్టు. ఆయన వెయిట్ చేస్తున్నారు.”

“ముట్టుకున్నవా, లేదా?”

“కొంచెం స్మూత్ చేశా, అంతే. గురువారం నువ్వు షిఫ్ట్‌కి వెళ్ళాక. గడ్డలుంటే గాలి తన్నుతుంది ధరణీ.”

“కొంచెమా? నాదంత గీకేసి నీది పోసినవ్. మళ్ళ ఏం తెల్వనట్టు బెడ్‌షీట్‌ల చుట్టి పెట్టినవ్.”

“స్ట్రాంగ్‌గా ఉంటుందని. జూన్‌లో ఎంత ఏడ్చావో చూశాను. మళ్ళీ అలా చూడలేను.”

“ఏడిస్తే ఏడ్చిన. దిద్దుమని ఏడ్చిన్నా?”

గోర్డన్ టేబుల్ టెన్నిస్ చూస్తున్నవాడిలా ఇటూ అటూ తల తిప్పుతున్నాడు. వెనకాల ఎవరో దగ్గారు. వాసవి. వాటర్లూలో ఇంజినీరింగ్ చదువుతున్న గుంటూరు పిల్ల, యూనివర్సిటీ రాకెట్ టీంలో ఉంది. పోయినేడే సర్టిఫికేట్ తెచ్చుకుంది. ఈ ఫారం మీద రెండో సాక్షి సంతకం ఆమెదే.

అనంత్ మొహం పాలిపోయింది. “వాసవీ, నువ్వేం వినలేదు కదమ్మా?”

“చెవులున్నాయి అంకుల్. ఏం చెయ్యమంటారు, కోసుకోమంటారా?”

అనంత్ భార్య దగ్గరకు జరిగి గొంతు తగ్గించాడు. “ఆయనకి తెలుగు రాదు కదా.”

“నాకొస్తది గదా,” అంది ధరణి.

అయినా పెన్ను పట్టుకునే ఉంది. సంతకం పెట్టాలని లేక కాదు, చాలా ఉంది. గొట్టం కోసింది తను. రెక్కలు చెక్కింది తను. గొట్టంలోపల రెక్కలను మోటారు గూటికి అతికించింది తను. పారాచూట్ తాళ్ళు ముడివేసింది తను. ముప్పాతిక తనదే. ఈ దేశంలో ముప్పాతిక నిజంతో ఎంతమంది రెజ్యూమేలు తిరగడం లేదు! పెన్ను మొన కాగితాన్ని తాకింది కూడా. అక్కడ ఒక నల్లచుక్క పడింది.

పెన్ను పెట్టేసింది. “రెక్కల మీద పైజిగురు నాది కాదు,” అని గోర్డన్‌తో ఇంగ్లీషులో చెప్పింది. “మా ఆయన తీసేసి తనది పెట్టాడు. ఇప్పుడే తెలిసింది.”

గోర్డన్ అనంత్‌ను కింది నుంచి పైదాకా ఒకసారి చూశాడు. “మిగతాదంతా నువ్వే కట్టావా?”

“నేనే. ఎక్కువ భాగం నాదే.”

“ఎక్కువ భాగం అనే గడి ఫారంలో లేదు.” వాచీ చూసుకున్నాడు. “మూడింటి వరకే ఈ ఆకాశానికి పర్మిషన్. అతను పెట్టింది నువ్వు తీసి, నీది నువ్వు పెట్టుకొస్తే మళ్ళీ చూస్తా. గ్రైండర్ అప్పిస్తాను, చెయ్యి అప్పివ్వను.”

పదకొండు కావస్తోంది.

కారు డిక్కీ తలుపు కింద, ఆరు డిగ్రీల చలిలో, ధరణి మొగుడి జిగురు మీద పడింది. అది రాయిలా ఉంది. అతని పని అతనిలాగే ఉంది: ఎక్కడా పగులు లేదు, పట్టు దొరకదు. గ్రైండర్ బ్యాటరీ సగంలో చచ్చింది. వాసవి టీం పెట్టెలోంచి ఇంకోటి పరుగున తెచ్చింది. తీసినకొద్దీ తెల్లటి పొడి గాలికి లేచి కళ్ళలో పడుతోంది. ఒకచోట అట్టగొట్టం పైపొర కూడా లేచొచ్చింది. ధరణి లేచిన పొరను వేలితో అదిమింది. ఆగి ఊపిరి పీల్చి మళ్ళీ పట్టుకుంది.

అనంత్‌కు కాలు నిలవలేదు. కారు దగ్గర్నుంచి గోర్డన్ బల్ల దాకా, బల్ల దగ్గర్నుంచి ప్లాస్టిక్ టాయిలెట్ దాకా, మళ్ళీ కారు దగ్గరకి.

“మాస్క్ పెట్టుకో.”

“పెట్టుకున్న.”

“గ్రైండర్ ఆ యాంగిల్‌లో కాదు, ఇలా...”

“చేతులు జేబుల పెట్టుకో.”

పెట్టుకున్నాడు. రెండు నిమిషాలకు అవి వాటంతటవే బయటికొచ్చాయి. “పోయి ఆ జనం నిలబడ్డ తాడు కాడ నిలబడు,” అంది ధరణి, తల ఎత్తకుండానే. పొలంలో ఐదు, నాలుగు, మూడు అని మైకులో ఎవరో లెక్కపెడుతున్నారు. ఎవరిదో రాకెట్ చెవులు చిల్లులు పడేలా లేచింది. జనం చప్పట్లు కొట్టారు. ఆమె చెయ్యి ఉలిక్కిపడింది, అంతే. ఆమె పైకి చూడలేదు.

ఒంటిగంటకు గీకడం అయింది. ఎపాక్సీ కలిపింది. ఐదు నిమిషాల్లో ఆరుతుందని డబ్బా మీద రాసి ఉంది. రాసినవాడు వెచ్చటి గదిలో కూర్చుని రాసి ఉంటాడు. ఇక్కడ అది తేనెలా సాగుతోంది గానీ గట్టిపడే సూచన లేదు. పైగా ఒకేసారి రెండు గీతలే పెట్టగలదు. రాకెట్ తిప్పితే తడి జిగురు కారిపోతుంది. రాకెట్‌ను ఎత్తుకుని కారులో కూర్చుంది. హీటర్ ఫుల్‌గా పెట్టి గాలి మూతులన్నీ రెక్కల వైపు తిప్పింది. రెండు గీతలు, ఆగు. తిప్పు. ఇంకో రెండు, ఆగు. వాచీ చూడు. ముట్టుకోకు. మళ్ళీ వాచీ చూడు.

అద్దం మీద టకటక. అనంత్ ముక్కు ఎర్రగా కందిపోయింది.

ఆమె అద్దం రెండంగుళాలు దించింది.

“నేనూ లోపలికి రానా? చలికి చస్తున్నా.”

“తలుపు తెరిస్తె వేడి పోతది.”

“పదేళ్ళ కాపురం ధరణీ!”

“అందుకే అద్దం దించిన.”

మళ్ళీ ఎక్కించింది. దూరంగా వాసవి తన జాకెట్ హుడ్‌లో మొహం దాచుకుని నవ్వుతోంది.

రెండున్నరకు ఆఖరి గీత మీద గోరుతో నొక్కింది. సన్నటి గాటు పడింది. ఇంకా పచ్చిగానే ఉంది. ధరణికి తెలుసు. మంచి జిగురైనా, చెడ్డ జిగురైనా, చలిలో తొందరపెడితే మాట వినదు. ఇంకో గంట ఉంటే బాగుండేది. గంట లేదు, మే నెల ఉంది. ఆర్నెల్లు ఆ పార్సెళ్ళ మధ్య తిరుగుతూ దీన్ని గురించే ఆలోచించాలి. రాకెట్ తీసుకుని నడిచింది.

గోర్డన్ మళ్ళీ బొటనవేలు ఆనించాడు. గడ్డలు చూశాడు. ఈసారి మెచ్చుకోలేదు. “లోపలి అతుకు గట్టిదే. ఎగరడానికి ఏ భయం లేదు. దిగేటప్పుడు ఏమవుతుందో చెప్పలేను. నీ ఇష్టం.”

ధరణి సంతకం పెట్టింది. వాసవి పక్కన తన సంతకం గీకింది.

మూడుకు పది నిమిషాలుంది. మైకులో అంకెలు సున్నాకు వచ్చాయి. అర సెకను ఏమీ జరగలేదు. తర్వాత నిప్పు, రొద, పొగ. రాకెట్ సూటిగా పోయింది. ఎక్కడా వణకలేదు. గడ్డల జిగురని గాలి ఏమీ తన్నలేదు. నాలుగు వందల మీటర్ల పైన చిన్న ఠప్పు, ఆపైన పారాచూట్ నారింజరంగు.

“తెరుచుకుంది! ధరణీ, తెరుచుకుంది!” అనంత్ అరుస్తూ, రాకెట్ దిగుతున్న వైపు పరుగు తీశాడు.

“ఆగు!” ఆమె కేక పొలమంతా వినపడింది. “ముట్టుకోకు!”

అతను రాకెట్‌కు పది అడుగుల దూరంలో, పోలీసు ముందు నిలబడ్డవాడిలా రెండు చేతులూ పైకెత్తి ఆగిపోయాడు. ఆమె వచ్చేదాకా దించలేదు.

రాకెట్ గట్టిపడ్డ మట్టిగడ్డల మధ్య పక్కకు ఒరిగి పడి ఉంది. ధరణి మోకాళ్ళ మీద కూర్చుంది. మొదటి రెక్క గట్టిగా ఉంది. రెండోదీ గట్టిగానే ఉంది. మూడోదాని మొదట్లో, జిగురు గడ్డ మీద, వెంట్రుక మందాన ఒక గీత. వేలితో తోసింది. ఊగే పన్నులా కదిలింది.

చుట్టుపక్కల ఇంకెవరూ లేరు. అనంత్ కూడా చూశాడు. అతని పెదాలు కదిలాయి.

“నేనేం అనట్లేదు,” అన్నాడు.

“అనకు.”

ధరణి రాకెట్‌ను బల్ల దగ్గరకు తెచ్చి ఆ రెక్కను తనే చూపించింది. గోర్డన్ దాన్ని ఒక్కసారే కదిపి చూశాడు. ఫారం మీద అడ్డంగా కొట్టేశాడు. “మే నెలలో రా,” అన్నాడు. ఆ మాటతో పని ముగించి తన కుర్చీ మడవసాగాడు.

వాసవి దగ్గరకొచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. “ఆంటీ, నిజానికి మీరు ఓడినా గెలిచినట్టే...”

“అట్లనకు వాసవీ. ఓడిన. ఒళ్ళు మండుతున్నది. ఆర్నెల్లు ఆగాలె.”

కూర్చోలేకపోయింది. నిలబడలేకపోయింది. అందరూ తాళ్ళు చుట్టుకుంటూ, లాంచ్ ప్యాడ్లు విప్పుకుంటూ ఉంటే, రాకెట్ చంకలో పెట్టుకుని కారు చుట్టూ మూడుసార్లు తిరిగింది. మూడోసారి వాసవి ముందు ఆగింది.

“మీ టీం బల్ల శనివారాలు ఖాళీగ ఉంటదా?”

“ఒక మూల ఎప్పుడూ ఖాళీయే ఆంటీ. మా సార్‌ని అడుగుతా. ఎందుకు?”

“ఈసారి ఇంట్ల కట్టను.”

అనంత్ కారు తలుపు పట్టుకుని నిలబడిపోయాడు. “ఇంట్లో కట్టను అంటే?”

“ఇంట్ల కట్టను అంటే ఇంట్ల కట్టను.”

అతనికి దెబ్బ తగిలింది. మొహంలో కనపడింది. బేస్‌మెంట్‌లో ఆమె కోసం బల్ల బిగించింది అతనే, లైటు పెట్టింది అతనే. అదంతా నిజమే. ఆమెకు జాలి కూడా వేసింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

“జనవరిలో, ఆ మంచులో, వాటర్లూ దాకా ఒక్కదానివే డ్రైవ్ చేస్తావా?” అన్నాడు. “నేను దింపుతా.”

“దింపు. లోపలికి రాకు.”

“మరి నేనెక్కడుండాలి?”

“కార్ల.”

“ఎంతసేపు?”

ఆమె అతన్ని ఏడిపించడానికి అనలేదు, నిజంగానే లెక్క వేసుకుంది. ఈసారి ఐదు నిమిషాల డబ్బా వాడదు. “మంచి ఎపాక్సీ ఆరాలంటే ఒక రోజు పడతది,” అంది.

అనంత్ నవ్వబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాడు. “సరే. పులిహోర కలుపుకొస్తాలే.”

ధరణి వినలేదు. డిక్కీ అంచున కూర్చుని, ఊగుతున్న రెక్కను అటూ ఇటూ కదుపుతూ, జిగురు ఎక్కడ తక్కువ పడిందో వెలుతురుకు పెట్టి వెతుకుతోంది.