రెండు వేళ్ళ మార్జిన్

ఆ ఉద్యోగం నాకు రాలేదన్న సంగతి బోర్సోక్‌లు వేయిస్తుండగా తెలిసింది. ఫిబ్రవరి ఉదయం, వాకిట్లో ఇంకా మంచు కరగలేదు. మా ఆయన మెదెర్ వంటింటి గుమ్మంలో నిలబడి బూట్లు తుడుచుకుంటూ, "పిండి కాస్త ఎక్కువ కలుపు ఉమ్సున్, సాయంత్రం చెల్లి వాళ్ళొస్తారు. దాన్ని బడిలో కుట్టు మాస్టరుగా తీసుకున్నారు" అన్నాడు. మూకుడులో పిండి ముక్కలు ఉబ్బి పైకి తేలుతున్నాయి. తిప్పకపోతే మాడిపోతాయి కాబట్టి తిప్పాను. ఆయన కరెంటాఫీసుకు వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం నా ఆడపడుచు ఎల్నూరాకు నేనే టీ పోసి, నేనే పళ్ళెం అందించి, నేనే శుభాకాంక్షలు చెప్పాను.

ఆ ఉద్యోగం నాదని ఎందుకు అనుకున్నానంటే, అంతకు ముందు ఆగస్టులో మా వీధి బడి హెడ్మాస్టరమ్మ బాక్టిగుల్ గారు ఓష్ బజారులో ఇనప కంటైనర్‌లో నడుపుకునే నా కుట్టు దుకాణం వెతుక్కుంటూ వచ్చారు. పది, పదకొండు తరగతుల ఆడపిల్లలకు కుట్టుపని నేర్పి, బడి వదిలేనాటికి చేతిలో మూడో గ్రేడు పనివాళ్ళ సర్టిఫికెట్ పెడతామన్నారు. ఆ కాగితం ఉంటే బిష్కెక్ కుట్టు కార్ఖానాల్లో కత్తెర పనికి తీసుకుంటారు. లేకపోతే దారాలు కత్తిరిస్తూ కూర్చోబెడతారు. పన్నెండు మిషన్లు వచ్చాయి, నేర్పే మనిషి లేదన్నారు. పెళ్ళికి ముందు నేను చదివిన వృత్తి బడి వాళ్ళిచ్చిన, దానికన్నా ఒక మెట్టు పైదైన నాలుగో గ్రేడు సర్టిఫికెట్ తీసి చూపించాను. ఆవిడ దాన్ని రెండు చేతులతో పట్టుకుని చదివారు. ఇరవై నాలుగేళ్ళలో ఆ కాగితాన్ని ఎవరైనా చదవడం అదే మొదలు. ఉత్తర్వులు వచ్చేదాకా ఊరికే వచ్చి మొదలుపెట్టండి, తర్వాత మిమ్మల్నే వేసుకుంటాం అన్నారు. మంగళవారం, శుక్రవారం దుకాణం మధ్యాహ్నానికే మూసి, జీతం లేకుండా ఆరు నెలలు వెళ్ళాను. వ్యాపారం చేసేదాన్ని, ఊరికే ఇచ్చిన సరుకు ఊరికే పోతుందని తెలియనిదాన్ని కాదు. ఇంట్లో ఊరికే చేయడం ఎంత అలవాటైపోయిందో, బడిలో అది కష్టమని కూడా అనిపించలేదు.

ఇంట్లో నా పనికి పేరు లేదు. కొత్తలో నేను మిషన్ ముందు కూర్చుంటే మా అత్తయ్య, "ఖాళీగానే ఉన్నావుగా, కాస్త టీ పొయ్యి" అనేది. చేతిలో సూది ఉన్నా ఆవిడ కంటికి ఆ చెయ్యి ఖాళీగానే కనిపించేది. మెదెర్ తన స్నేహితులతో, "మా ఆవిడకి కుట్టు కాలక్షేపం" అని నవ్వుతూ చెప్పేవాడు. ఇంటి మీద కొత్త రేకులు ఆ కాలక్షేపంలోంచే వచ్చాయి, అత్తయ్య కంటి ఆపరేషనూ దాంట్లోంచే జరిగింది. బజారులో ఒక జానెడు తక్కువ కొలిస్తే గుడ్డ తాను మొత్తం విప్పించి మళ్ళీ కొలిపించే మనిషిని, ఇంట్లో మాత్రం ఎవరు ఎంత తక్కువ కొలిచినా సర్దుకున్నాను. ఇంట్లో అందరూ హాయిగా ఉండాలంటే ఎక్కడో ఒకచోట వదులు ఉండాలి కదా, ఆ వదులు నేనే అనుకున్నాను.

బోర్సోక్‌ల మర్నాడు మెదెర్‌ను ఒక్కటే అడిగాను. "ఎల్నూరాకి కాలేజీ డిప్లొమా ఉంది, నీది పాతకాలపు కాగితం. రూలు రూలే" అన్నాడు. ఎల్నూరా కాలేజీలో గుడ్డల గురించి చదువుకుంది నిజమే. గుడ్డ కొయ్యడం మాత్రం నేను చూడలేదు. రూలంటే ఎవరితో పోట్లాడతాం అని ఊరుకున్నాను. ఆ మంగళవారం మధ్యాహ్నం అలవాటుగా దుకాణం మూయబోయి, మళ్ళీ తెరిచి కూర్చున్నాను.

ఏప్రిల్ మొదట్లో ఒక పొద్దున కంటైనర్ తలుపు తీసేసరికి లోపల మేకు ఖాళీగా ఉంది. ఆ మేకుకు నా అచ్చుల చుట్ట వేలాడుతూ ఉండాలి. అచ్చులంటే గుడ్డ మీద పెట్టి సుద్దతో గీసుకునే కాగితపు ముక్కలు. నావి పాత బడి పటాల మీద కోసినవి. వెనకాల గుడ్డ అంటించిన ఆ పటాలు ఎంత వాడినా చిరగవు. కోటు వీపు ముక్క తిప్పి చూస్తే సముద్రం, చేతి ముక్క తిప్పితే ఎడారి. ఏ మనిషి భుజం ఎటు వాలుతుందో ఇరవై ఏళ్ళు చూసి చూసి దిద్దుకున్న కొలతలవి. తాళం పగల్లేదు. రెండో తాళంచెవి మెదెర్ దగ్గర ఉంటుంది.

సాయంత్రం అడిగితే, "అవా, చెల్లికి ఇచ్చాను. పరీక్షకి పిల్లలు కోటు కుట్టాలట. పాత కాగితాలే కదా, దానికింత మొహం పెట్టాలా?" అన్నాడు, రొట్టె తుంచుకుంటూ.

నేనింకో మాట అనవలసింది. అనలేదు. దాని వెనక సంగతి ఇది. పదేళ్ళ కిందట నా దగ్గర పని నేర్చుకున్న మనిషి ఒకతె నా అచ్చులు ఎత్తుకుపోయి పక్క వరసలోనే దుకాణం పెట్టింది. అప్పటినుంచి నేను అచ్చులు మార్జిన్ లేకుండా కోస్తాను. కుట్టు లోపల మడతకు పోయే గుడ్డ అందులో ఉండదు. గీసేటప్పుడు అంచు పక్కన రెండు వేళ్ళు ఆనించి, ఆ వెడల్పు వదిలి గీస్తాను. అది ఎక్కడా రాసి ఉండదు, నా చేతికే తెలుసు. బడి పుస్తకంతో వచ్చే అచ్చుల్లో మార్జిన్ కలిపే ఉంటుంది, పిల్లలకు అదే అలవాటు చేశాను. కోటు కత్తిరింపు వసంతంలో చెబుదాం, ఈ కిటుకు అన్నిటికన్నా చివర చెబుదాం అని దాచుకున్నాను. ఇప్పుడు ఎల్నూరా నా అచ్చు గుడ్డ మీద పెట్టి అంచు వెంబడే కోయిస్తుందని నాకు తెలుసు. తెలిసి మూడు వారాలు నోరు మూసుకున్నాను. నోరు మూసుకోవడం చేతకానితనంగా కాకుండా తెలివితేటలుగా కనిపించిన రోజులు నా బతుకులో ఆ మూడు వారాలే.

ఏప్రిల్ చివర ఒక మధ్యాహ్నం నుర్జమాల్ వచ్చింది. నా పన్నెండు మందిలో చెయ్యి నెమ్మదిగా, కుట్టు తిన్నగా ఉండే పిల్ల. తల్లి మాస్కోలో ఆసుపత్రి నేలలు తుడుస్తుంది. పిల్ల అమ్మమ్మ దగ్గర పెరిగింది. సంచిలోంచి కోటు తీసి వేసుకుంది. ముదురు నీలం ఉన్ని గుడ్డ, లోపల లైనింగ్, గుండీ కాజాలు నేను నేర్పినట్టే ముచ్చటగా ఉన్నాయి. ముందు భాగాలు రెండూ ఒకదానికొకటి జానెడు దూరంలో ఆగిపోయాయి.

"అందరివీ ఇంతే అక్కా," అంది. "మాస్టరు మమ్మల్ని పిండి వంటలు తగ్గించమంది. మేమే లావయ్యామట. పన్నెండు మందిమీ ఒకేసారి."

నాకు నవ్వు వచ్చింది. అది పిల్ల మొహం చూసేదాకానే.

"ఈ గుడ్డ అమ్మ పంపింది. పరీక్ష కోటు వేసుకుని ఫోటో దిగి పంపమంది. ఇంకో గుడ్డ అడగలేను. పరీక్ష వచ్చే నెల పదిహేనో తారీఖు," అని కోటు విప్పి మడత పెట్టింది. అంచుకి అంచు కలిపి, నేను నేర్పిన పద్ధతిలో.

మోసం చేసినవాళ్ళు వేరు, కోసుకున్న గుడ్డ ఈ పిల్లది. నేను మూడు వారాలు దాచుకున్న గెలుపు ఎవరిమీదో అప్పుడు కనిపించింది. దుకాణం పక్కామెకు అప్పజెప్పి బడికి నడిచాను. ఆ దారంతా ఒకటే ఆలోచన. రూలు వల్లనే కదా నన్ను తీసేశారు, ఆ రూలే ఇప్పుడు పిల్లల మెడకు చుట్టుకుందని హెడ్మాస్టరమ్మ మొహం మీద అడగాలి.

బాక్టిగుల్ గారు నన్ను చూసి లేచి నిలబడ్డారు కానీ కళ్ళలో చిన్నబుచ్చుకున్న మనిషి కోపం ఉంది. "రూలేమిటి? మీ సర్టిఫికెట్ చాలునని ఉత్తర్వు కూడా వచ్చింది. మీరే కదా వద్దన్నది" అన్నారు. బీరువా తీసి ఫైలులోంచి ఒక కాగితం నా ముందు పెట్టారు. ఇంటి బాధ్యతల వల్ల ఈ ఉద్యోగంలో చేరలేను, నా బదులు అర్హురాలైన మా ఆడపడుచును తీసుకోవలసిందిగా మనవి. టైపు చేసి ఉంది. కింద సంతకం నాది. దొంగ సంతకం కాదు, నిజంగా నాదే. తారీఖు చూశాను. జనవరిలో కంటైనర్ అద్దె కాగితాలు తిరగరాయించిన రోజు. మెదెర్ ఆఫీసునుంచి ఆరు కాగితాలు తెచ్చి, నేను నూడుల్స్‌కు పిండి సాగదీస్తుంటే పీట పక్కన పెట్టి, "ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ" అని వేలు చూపించాడు. నా చేతికి అంటిన పిండి కాగితానికి తగలకుండా తనే అంచులు పట్టుకున్నాడు. ఎంత మర్యాద అనుకున్నాను ఆరోజు. బజారులో ఇన్నేళ్ళు ఎవరి కాగితమూ చదవకుండా సంతకం పెట్టలేదు. ఇంట్లో పెట్టాను.

సాయంత్రం ఆయనకు ఆ సంగతి చెప్పాను. కేకలు లేస్తాయేమో అనుకున్నాను, నావో ఆయనవో. ఏవీ లేవలేదు. టీ గిన్నె కింద పెట్టి, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "నువ్వు బడికి పోతే మధ్యాహ్నం అమ్మని ఎవరు చూస్తారు? ఎల్నూరా మొగుడు రష్యాలో పని పోగొట్టుకొచ్చి ఇంట్లో కూర్చున్నాడు. నీకు దుకాణం ఉంది. రెండూ నీకే కావాలా?"

"నన్ను అడగొచ్చుగా."

"అడిగితే ఒప్పుకునేదానివే. అందుకే అడగలేదు."

గోడవారన పరుపుల దొంతరకు ఆనుకుని మా అత్తయ్య వింటోంది. ఆవిడ కొడుకు వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. తన గిన్నె తనే ముందుకు వంగి నింపుకుంది. అది నేను ఆ ఇంట్లో ఎన్నడూ చూడలేదు.

ఆ రాత్రంతా నన్ను కోసింది ఆ సంతకం కాదు, ఆ మాట. ఎందుకంటే అది నిజం. అడిగితే ఒప్పుకునేదాన్నే. రెండు రోజులు మొహం ముడుచుకుని, మూడో రోజు నేనే ఎల్నూరాను పిలిచి మిషన్ ఎలా సర్దుకోవాలో చూపించేదాన్ని. అది తెలిసిన మనిషి, నా మంచితనాన్ని కూడా అడగకుండా కోసుకోవచ్చనుకున్నాడు. ఇన్నేళ్ళుగా నేను వదులుతూ వచ్చిన గుడ్డ ఎక్కడ ఉందో ఆయనకు నాకన్నా బాగా తెలుసు.

మర్నాడు పన్నెండు మందినీ కంటైనర్‌కు రమ్మన్నాను. కోట్లన్నీ తిప్పి చంకనుంచి కింద అంచుదాకా, చేతుల కింద కూడా, కుట్లు విప్పించాను. విప్పినచోట వేరే రంగు పట్టీ ఒకటి నిలువుగా అతికించాలి. నా దగ్గర మిగిలిన మఖ్మల్ ముక్కలు కుప్పపోశాను, ఎవరి పట్టీ వాళ్ళు ఎంచుకోమన్నాను. నుర్జమాల్ తన నీలానికి దానిమ్మ రంగు పెట్టుకుంది. రెండో రోజు ఎల్నూరా వచ్చి తలుపు దగ్గర నిలబడింది. ఏడ్చి వచ్చినట్టుంది.

"వదినా, నువ్వే వద్దన్నావని చెప్పాడు అన్నయ్య. అచ్చులు కూడా నువ్వే పంపావన్నాడు. నీ మీద ఒట్టు."

నా మీద ఒట్టు నాకెందుకు అనబోయి ఆగాను. కుట్లు విప్పే కత్తి ఆమె చేతిలో పెట్టి, "కూర్చో. ఆ చేతిది విప్పు. గుడ్డ తెగకుండా" అన్నాను. కూర్చుంది. ముగ్గురు పిల్లలు జరిగి చోటిచ్చారు. ఒక చిలిపిది, "మాస్టరుగారూ, ఇప్పుడు సన్నబడ్డామా?" అంది. ఎల్నూరా తల వంచుకునే నవ్వింది.

పట్టీలు అయ్యాక ఇంకో పని చేశాను. నా దగ్గర మిగిలిన పాత పటాల వెనక కోటు అచ్చు కొత్తగా గీశాను. ఈసారి రెండు వేళ్ళూ అంచు పక్కన ఆనించి చుట్టూ గీత గీసి, ఎంత వెడల్పో అంకె వేసి, మూల మీద ఉమ్సున్ అని రాశాను. పిల్లలందరి చేతా నకలు కోయించాను. ఇంకో రెండేళ్ళకు వీళ్ళలో ఎవరో ఒకరు నా పక్క వరసలోనే దుకాణం పెడతారు, నా గిరాకీని లాగుతారు. తెలిసే ఇచ్చాను.

పదిహేనో తారీఖున పరీక్ష పెట్టడానికి వచ్చినవాళ్ళు కోట్లు లోపలి వైపు తిప్పి చూశారు. పట్టీలు ఎందుకని అడిగితే నుర్జమాల్, "తప్పు కోశాం, ఎలా దిద్దాలో నేర్చుకున్నాం" అని చెప్పిందట. పన్నెండు మందికీ మూడో గ్రేడు ఇచ్చారు. ఆ సాయంత్రమే బాక్టిగుల్ గారు దుకాణానికి వచ్చి కొత్త దరఖాస్తు బల్ల మీద పెట్టారు. కత్తిరింపు మాస్టరు, సెప్టెంబరునుంచి. కుట్టు పాఠాలకు ఎల్నూరా ఉంటుంది, కత్తెర మీ చేతికి అన్నారు. నేను ముందు వైపు చదివాను, తిప్పి వెనక వైపు చదివాను. వెనక ఏమీ లేదు. అయినా చదివాను. తర్వాత సంతకం పెట్టాను. ఇంట్లో ఎవరినీ అడగలేదు. మధ్యాహ్నం టీ సంగతి ఎలాగని మెదెర్ అడిగితే కెటిల్ ఎక్కడుందో చూపించాను.

సంతకం పెట్టిన ఆ సాయంత్రం ఇంటికి పోయేముందు బజారులో తాళాల వరసకు వెళ్ళాను. తాళాలమ్మే ముసలాయన కొత్త తాళం తెరిచి, మూసి, చూపించి, రెండు తాళంచెవులూ నా అరచేతిలో పెట్టాడు.

"రెండోది మీ ఆయనకేనా అమ్మా, వైరుకి కట్టివ్వనా?"

"వద్దు," అన్నాను. "అది నుర్జమాల్‌ది. ఇక నా దగ్గరే తన పని. రేపు పొద్దున దుకాణం తనే తీస్తుంది."