ఒడ్డు మీది తువ్వాలు

సాయంత్రం అయ్యేసరికి మునిసిపల్ ఈతకొలను గట్టున, గోడవారగా ఉన్న బెంచీ మీద ఒకావిడ కూర్చుని ఉంటుంది. ఒళ్ళో నీలం తువ్వాలు, పక్కన ఫ్లాస్కు. అక్కడివాళ్ళు ఆవిడకి తువ్వాలమ్మ అని పేరు పెట్టారు. కొత్తగా చూసినవాళ్ళు ఎవరైనా, పిల్లల్ని ఎంత శ్రద్ధగా ఈతకి తీసుకొస్తోందో అనుకుంటారు. చిక్కల్లా ఒక్కటే. కొలనులో ఆవిడ పిల్లలు లేరు.

కొడుకు ఉద్యోగానికని ఊరు విడిచి మూడేళ్ళు దాటింది. మొన్న వేసవి పోయాక కూతురు కూడా చదువుకని వేరే ఊరు వెళ్ళింది. ఈవిడ మాత్రం రెడీమేడ్ బట్టల దుకాణంలో రోజంతా ప్యాంట్ల అంచులు మడిచి కుట్టి, పని అవగానే, పిల్లలిద్దర్నీ ఏళ్ళ తరబడి ఈతకి తెచ్చి అలవాటు పడిన కాళ్ళు ఎటు లాక్కెళితే అటు నడిచి, ఆ బెంచీ చేరుతుంది. వచ్చి ఊరుకుంటే ఎవరికీ నష్టం లేదు. ఊరుకోదు. పరాయి పిల్లలకి పాఠాలు మొదలుపెడుతుంది.

"ఎర్రటోపీ పిల్లా, మోచెయ్యి పైకి. అలా కొట్టుకుంటే నీళ్ళే నిన్ను ఈదుతాయి. ఊపిరి తీసుకో, ఊపిరి."

పిల్లల్ని ఎలా పెంచాలో చెప్పమంటే మనలో ప్రతివాళ్ళూ పండితులే. పెంచి పంపేశాక మనమేం చెయ్యాలో చెప్పమంటే మాత్రం అందరం మూగనోము పడతాం. ఆ మౌనం ఎన్ని ఇళ్ళని విసిగిస్తోందో చూడండి.

"అమ్మా, పొద్దున్నించి ఎన్నోసారి ఇది?" అంది కూతురు ఫోనులో. "తిన్నాను. తల తుడుచుకున్నాను. గొడుగు సంచిలోనే ఉంది. ఇంకేం కావాలి?"

"అంత విసుగెందుకే? అడగకూడదా?"

"అడుగు, వద్దనను. ఎప్పుడూ నేనేం చేశానో అడుగుతావు. నువ్వేం చేశావో ఒక్కనాడైనా చెప్పావా?"

ఆవిడ ఆలోచించింది. చెప్పడానికి ఏమీ దొరకలేదు. దొరకనందుకు కూతురి మీదే కోపం తెచ్చుకుని ఫోను పెట్టేసింది.

భర్త సిటీ బస్సు డ్రైవరు. ఆయన పక్కనే కూర్చుని అంతా విన్నాడు. "ఆఖరి స్టాపులో అందరూ దిగిపోయాక ఏ డ్రైవరైనా కిందికి దిగి కాళ్ళు చాపుకుంటాడు. నువ్వేమో ఖాళీ బస్సులో టికెట్, టికెట్ అని తిరుగుతున్నావు."

"మీరు దిగి ఏం ఉద్ధరించారు? టీవీ ముందు పడి ఉండడమేగా."

ఆయన రిమోటు అందుకుని టీవీ గొంతు పెంచాడు.

ఇలా ఎంతకాలం సాగేదో గాని, ఒకనాడు ప్రాణం మీదికే వచ్చింది. ఎర్రటోపీ పిల్ల లోతు వైపు ఈదుతుంటే తువ్వాలమ్మ "తల తిప్పు" అని గట్టిగా కేకేసింది. ఎవరు పిలిచారోనని పిల్ల నీళ్ళలోనే ఇటు తిరిగి, గుటకెడు నీళ్ళు మింగి, మునిగింది. ఈత నేర్పే టీచరు ఒక్క దూకు దూకి పైకి తీసింది. దగ్గుతున్న పిల్లని గుండెకి హత్తుకుని దాని తల్లి ఒకే మాట అంది. "ఈవిడ ఇక్కడుంటే మా అమ్మాయి రాదు."

"ఇక మీరు ఆ బెంచీ మీద కూర్చోకూడదమ్మా," అంది టీచరు, తడి జుట్టు పిండుకుంటూ. "చాలా కాలంగా ఓర్చుకున్నాను. ఇక నా వల్ల కాదు."

తువ్వాలమ్మ పిల్ల దగ్గరికి వెళ్ళి, క్షమించమని ఆ తల్లిని అడిగింది. సిగ్గు ఒకవైపు, దిగులు ఒకవైపు. ఆ బెంచీ కూడా పోతే సాయంత్రాలు ఎక్కడికి వెళ్ళాలి? ఇంట్లో పిల్లల గది సర్దింది సర్దినట్టే ఉంటోంది. ఆ శుభ్రం చూస్తేనే ఆవిడకి ఏడుపొస్తుంది.

"మరి నన్నెక్కడికి పొమ్మంటావు?" అని టీచరుని అడిగింది.

"నీళ్ళలోకి రండి. నేను వద్దన్నది గట్టునే."

నాకు తెలియని ఈత ఏముంది అనుకుంది ఆవిడ. ఏళ్ళ తరబడి చూసిన విద్య. మర్నాడే ఈత దుస్తులు కొనుక్కుని దిగింది. నీళ్ళు నడుముదాకా వచ్చేసరికి పాండిత్యమంతా ఆవిరైపోయింది. రెండు చేతులా గోడకున్న కడ్డీ పట్టుకుంది, ఇక వదల్లేదు. నీళ్ళు చల్లగా ఉన్నాయంది. టోపీ బిగుతంది. పక్కవాళ్ళు మీద నీళ్ళు చిమ్ముతున్నారంది. ఇంటికెళ్ళి అదే చెబితే భర్త, "ఆడలేక మద్దెల ఓడు," అని పక్కకి తిరిగి పడుకున్నాడు.

వారం గడిచినా అదే కడ్డీ, అదే పట్టు. టీచరుకి తల ప్రాణం తోకకొచ్చింది.

"వెల్లకిలా పడుకోండమ్మా. వీపు కింద నా చెయ్యి ఉంది. వదలండి."

"మునిగిపోతే?"

"ఈ కడ్డీ పట్టుకునే మీ అమ్మాయి కూడా ఇదే ఏడుపు ఏడ్చింది. నేను ఎంత చెప్పినా వినలేదు. అప్పుడు బెంచీ మీంచి మీరేమన్నారు? 'వదులు తల్లీ, నీళ్ళే మోస్తాయి' అన్నారు. మీ మాట నమ్మి అది వదిలింది. మీ మాట మీరే నమ్మరా?"

తువ్వాలమ్మకి ఆ రోజు గుర్తొచ్చింది. అన్నది నిజమే. నీళ్ళు మోస్తాయో లేదో తనకి తెలియకుండానే బిడ్డకి ధైర్యం చెప్పింది. ఆ ధైర్యంతోనే బిడ్డ ఇవాళ వేరే ఊళ్ళో ఒంటరిగా నెగ్గుకొస్తోంది. చెప్పిన మనిషి మాత్రం గట్టునే ఉండిపోయింది. ముందు ఒక చెయ్యి వదిలింది. కాసేపాగి, కళ్ళు గట్టిగా మూసుకుని రెండోది కూడా వదిలింది.

మునగలేదు. చెవులు నీళ్ళలోకి వెళ్ళగానే లోకంలోని చప్పుడంతా ఆగిపోయింది. కళ్ళు తెరిస్తే పైన కప్పు, దానికి వేలాడే దీపాలు. సరిదిద్దడానికి ఎదురుగా ఎవరూ లేరు. ఇంత సుఖంగా ఇదివరకు ఎప్పుడు పడుకున్నానా అని ఆలోచించింది. గుర్తు రాలేదు. రాకపోయినా బాధ కలగలేదు.

బట్టలు మార్చుకునేసరికి ఫోను మోగుతోంది.

"అమ్మా, ఎన్నిసార్లు చెయ్యాలి? ఎత్తవేం? నాకు ఇక్కడ కాళ్ళూ చేతులూ ఆడలేదు," అంది కూతురు.

"నీళ్ళలో ఉన్నానే. తేలాను."

"తేలావా? మొదట్నించీ చెప్పు," అంది కూతురు. ఆ సాయంత్రం అమ్మ చెప్పింది, కూతురు విన్నది. గొడుగు సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు.

ఎర్రటోపీ పిల్ల మళ్ళీ ఈతకి వస్తోంది. గోడవార బెంచీ మీద ఇప్పుడు బస్సు డ్రైవరు కూర్చుంటున్నాడు. భార్యకి తోడుగా వచ్చానంటాడు. ఒళ్ళో అదే నీలం తువ్వాలు. ఆయనైనా ఊరుకున్నాడా అంటే, అదీ లేదు. రెండు రోజులు బుద్ధిగా కూర్చుని మూడో రోజు గొంతు విప్పాడు.

"కాళ్ళు ఆడించవే. కుడివైపుకి లాగేస్తున్నావు. నేరుగా పో, నేరుగా."

ఆవిడ ఈత ఆపి, మొహం మీది నీళ్ళు తుడుచుకుని, భర్త వైపు చూసింది.

"ఆ తువ్వాలు అక్కడ పెట్టి దిగండి," అంది. "పిల్లలకి ఈత నేర్పడంతో సగం పనే అయింది. వాళ్ళు అవతలి ఒడ్డు చేరాక మనం దిగడం మిగతా సగం."